సెట్టు మారినా స్టీరింగ్ బటన్లు పనిచేయాలంటే

కారుతో పాటు కంపెనీ ఇచ్చిన మ్యూజిక్ సిస్టమ్‌ను తీసివేసి తొమ్మిది అంగుళాల ఆండ్రాయిడ్ సెట్టు బిగించడం ఇప్పుడు శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా అరపూట పని. డ్యాష్‌బోర్డు ఫ్రేమ్ ఊడదీసి, పాత సెట్టు వెనక ఉన్న కప్లర్లు, అంటే తీగలన్నిటినీ ఒకేసారి కలిపే ప్లగ్గులు, లాగి, కొత్త ఫ్రేమ్‌లో కొత్త సెట్టు కూర్చోబెట్టి ఒక పాట వినిపించేసరికి యజమాని తృప్తిగా డబ్బులిచ్చి బయలుదేరతాడు. రణస్థలం దాటాక, నాతవలస టోల్‌గేటు చేరేలోపు ఎక్కడో ఫోను మోగుతుంది. బొటనవేలు అలవాటు కొద్దీ స్టీరింగ్ మీది బటన్‌ను నొక్కుతుంది, ఏమీ జరగదు. వాల్యూమ్ పెంచబోతే తగ్గడం, పాట మార్చబోతే మ్యూట్ కావడం కూడా ఇదే రోగానికి వేరే లక్షణాలు. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిన చందం ఇది.

ఈ బటన్లు పోతే పోయేది సౌకర్యం మాత్రమేనని సరిపెట్టుకోవడానికి వీలు లేదు. 2019లో మోటారు వాహనాల చట్టానికి వచ్చిన సవరణ ప్రకారం బండి నడుపుతూ చేతిలో ఫోను పట్టుకుని వాడటం 184వ సెక్షన్ కింద ప్రమాదకరమైన డ్రైవింగుగా లెక్కకు వస్తుంది. మొదటి తప్పుకే 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. జాతీయ రహదారి మీద లారీల మధ్య ఎనభై కిలోమీటర్ల వేగంతో వెళ్లే మనిషి టచ్ స్క్రీన్ మీద చిన్న ఆకుపచ్చ గుర్తు కోసం వెతకడానికీ, చక్రం మీద చెయ్యి తీయకుండా కాల్ ఎత్తడానికీ ఎంత తేడా ఉందో వేరే చెప్పనవసరం లేదు.

బటన్లు పనిచేయకపోతే నింద ముందుగా సెట్టు మీద పడుతుంది. చైనా సరుకు అని, చవక సరుకు అని తేల్చేస్తారు. అసలు కారణం చాలాసార్లు వేరే ఉంటుంది. బటన్ నొక్కిన సంగతిని ఆ కారు ఏ రూపంలో సెట్టుకు చెబుతుందో కొనడానికి ముందే తెలుసుకోకపోవడం ఒకటి. తెలిశాక కూడా ఆ సంకేతం మోసుకొచ్చే జాయింటును, ఎర్తును (కారు బాడీకి కలిపే తీగను) నిర్లక్ష్యంగా వేయడం రెండోది. మొదటి పొరపాటు జరిగితే బటన్లు తొలిరోజు నుంచే పనిచేయవు. రెండోది జరిగితే ఆరు నెలలు పనిచేసి ఆ తర్వాత మొరాయిస్తాయి.

తీగ ఒకటి, బటన్లు ఆరు

స్టీరింగ్ మీద ఆరు బటన్లు ఉన్నాయంటే సెట్టు దాకా ఆరు తీగలు వస్తాయని ఎవరైనా అనుకుంటారు. మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో చాలావాటికి వచ్చేవి రెండు మూడు తీగలే. అందులో ఒకటి ఎర్తు. మిగిలిన ఒకటి గానీ రెండు గానీ సంకేతం తీగలు. ఒక్కొక్క బటన్ వెనక ఒక్కొక్క విలువ గల రెసిస్టర్, అంటే కరెంటుకు కొంత అడ్డుపడే చిన్న భాగం, ఉంటుంది. ఆ అడ్డంకిని ఓములలో కొలుస్తారు. సెట్టు తన లోపలి నుంచి స్థిరమైన వోల్టేజిని, సాధారణంగా 5 లేదా 3.3 వోల్టులను, తన సొంత రెసిస్టర్ ద్వారా ఆ తీగ మీదికి వదులుతుంది. ఏ బటనూ నొక్కనంతసేపు ఆ వోల్టేజి పై మట్టంలోనే నిలిచి ఉంటుంది. ఒక బటన్ నొక్కగానే దాని రెసిస్టర్ గుండా కొంత కరెంటు ఎర్తుకు పారి, తీగ మీది వోల్టేజి ఆ బటన్‌కు ప్రత్యేకమైన ఒక మెట్టుకు దిగుతుంది. చెరువు తూము దగ్గర మట్టం రాయి మీది గీత చూసి నీరెంత ఉందో చెప్పినట్టే, సెట్టు ఆ మెట్టును కొలిచి నొక్కింది ఏ బటనో పోల్చుకుంటుంది. తీగలో వచ్చేది ఆజ్ఞ కాదు, ఒక కొలత అన్న ఈ ఒక్క సంగతి గుర్తుంటే తర్వాత ఎదురయ్యే చిక్కులు సగం అర్థమవుతాయి.

లెక్క వేసి చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. సెట్టు లోపలి రెసిస్టర్ 1,000 ఓములు, వోల్టేజి 5 అనుకుందాం. వాల్యూమ్ పెంచే బటన్ వెనక 80, తగ్గించే బటన్ వెనక 240, పాట ముందుకు జరిపే బటన్ వెనక 560, మోడ్ బటన్ వెనక 1,500 ఓముల రెసిస్టర్లు ఉన్నాయనుకుందాం. అప్పుడు వాటిని నొక్కితే సెట్టుకు కనిపించే వోల్టేజీలు వరుసగా 0.37, 0.97, 1.79, 3.0. నాలుగూ దూరదూరంగా ఉన్నాయి గనుక గుర్తుపట్టడంలో ఇబ్బంది లేదు. ఇప్పుడు ఆ దారిలో ఎక్కడో ఒక జాయింటు తుప్పు పట్టి, అదనంగా 100 ఓముల అడ్డంకి చేరిందనుకుందాం. వాల్యూమ్ పెంచే బటన్ దగ్గర 80 కాస్తా 180 అవుతుంది, వోల్టేజి 0.37 నుంచి 0.76కు ఎక్కుతుంది. అది ఇప్పుడు తన పాత మెట్టుకంటే పక్క బటన్ మెట్టయిన 0.97కే దగ్గరగా ఉంది. డ్రైవరు పెంచమని నొక్కాడు, సెట్టు తగ్గించమని విన్నది. వర్షం పడిన రోజు బటన్లు పిచ్చిగా ప్రవర్తిస్తాయన్న ఫిర్యాదులో మంత్రం గానీ మాయ గానీ ఏమీ లేదు, ఇదే లెక్క.

స్పీకరు తీగలో 100 ఓములు అదనంగా చేరితే పాట దాదాపు వినిపించదు కాబట్టి వెంటనే తెలిసిపోతుంది. పవర్ తీగలో చేరితే సెట్టే వెలగదు. బటన్ల తీగలో చేరితే మాత్రం అంతా బాగున్నట్టే కనిపిస్తూ అర్థం మారిపోతుంది. అందుకే సెట్టు బిగింపులో అన్నిటికంటే సన్నగా ఉండే ఈ తీగకే అన్నిటికంటే మంచి జాయింటు కావాలి. షాపుల్లో జరిగేది సరిగ్గా దీనికి తలకిందులు. లావు తీగలకు కప్లర్ దొరుకుతుంది గనుక అవి భద్రంగా ఉంటాయి. బటన్ల తీగను మాత్రం పళ్లతో గానీ బ్లేడుతో గానీ కాస్త గీకి, రెండు పోగులు మెలిపెట్టి, నల్ల టేపు చుట్టేస్తారు.

తీరప్రాంతంలో మెలి జాయింటు

ఆ మెలి జాయింటు ఎక్కడైనా బలహీనమే. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్ర తీరం ఉంది. బారువ, భావనపాడు, కళింగపట్నం వైపు నివసించేవారి ఇళ్లలో కిటికీ ఊచలకు, గేటు బందులకు పట్టే తుప్పు ఎంత త్వరగా వస్తుందో వారికే తెలుసు. ఉప్పు తేమకు రాగి పోగుల మీద కూడా ఆకుపచ్చని పొర ఏర్పడుతుంది. మెలిపెట్టిన పోగుల మధ్య సందుల్లో ఆ పొర చేరి, కరెంటు పారే వైశాల్యాన్ని కొద్దికొద్దిగా తినేస్తుంది. దీనికి ఎండ తోడవుతుంది. మే నెలలో ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు లోపల టేపు జిగురు కరిగి జారుతుంది. చుట్లు వదులై, మెలి విప్పుకుంటుంది. వేసినరోజు ముచ్చటగా కనిపించిన జాయింటును ఏడాది తర్వాత తెరిచి చూస్తే వేళ్లకు నల్లని జిగురు అంటుకుంటుంది, తీగ లాగకుండానే ఊడివస్తుంది.

దీనికి విరుగుడు ఖరీదైనది కాదు. తీగలను సోల్డరింగ్ చేసి, దాని మీద వేడి చేస్తే కుంచించుకుపోయే గొట్టం తొడగడం ఒక పద్ధతి. సరైన కొలత గల క్రింప్ స్లీవు అనే చిన్న లోహపు గొట్టాన్ని తీగల మీద ప్లయరుతో నొక్కి బిగించడం ఇంకో పద్ధతి. అన్నిటికంటే మేలైనది అసలు కోయకపోవడమే. ఆయా మోడల్ కారుకు సరిపడే కప్లర్ కిట్టు దొరికితే, దాని ఒక చివర కంపెనీ కప్లర్‌లోకి, రెండో చివర కొత్త సెట్టులోకి దిగుతుంది. అందులో బటన్ల తీగలు కూడా ఉన్నాయో లేవో కొనేటప్పుడే పిన్నులు లెక్కపెట్టి చూసుకోవాలి. చవక కిట్లలో పవర్, స్పీకరు పిన్నులు మాత్రమే ఉండి, బటన్ల పిన్నుల చోటు ఖాళీగా ఉండటం మామూలే.

ఎర్తు సంగతి దీనికంటే సూక్ష్మమైనది. బటన్లు తక్కువ వాల్యూమ్‌లో బాగా పనిచేసి, పాట గట్టిగా మోగుతున్నప్పుడు తప్పుతున్నాయంటే అనుమానించవలసింది ఎర్తునే. సెట్టు వోల్టేజిని తన సొంత ఎర్తుతో పోల్చి కొలుస్తుంది. గట్టిగా మోగుతున్నప్పుడు సెట్టు 10 ఆంపియర్ల దాకా లాగవచ్చు. దాని ఎర్తు తీగలోనూ, ఆ తీగను బిగించిన స్క్రూ దగ్గరా కలిపి 0.03 ఓముల అడ్డంకి ఉన్నా, సెట్టు ఎర్తు కారు బాడీ కంటే 0.3 వోల్టు పైకి లేస్తుంది. బటన్ల ఎర్తు మాత్రం వేరే దారిన నేరుగా బాడీకి చేరుతోంది. పై ఉదాహరణలో 0.97 వోల్టుగా కనిపించవలసిన బటన్ అప్పుడు దాదాపు 0.73గా కనిపిస్తుంది. డప్పు దరువు పడిన క్షణంలో నొక్కితే ఒక ఫలితం, దరువుల మధ్య నొక్కితే ఇంకో ఫలితం. పెయింటు మీద బిగించిన స్క్రూను తీసి, కింద లోహం కనిపించేదాకా గీకి, సెట్టు ఎర్తును గట్టిగా బిగించి, బటన్ల ఎర్తును కూడా సెట్టు ఎర్తు తీగకు సెట్టు వెనకనే కలిపితే ఈ గోల పోతుంది.

మాట్లాడే తీగలు

ఇంతదాకా చెప్పినది రెసిస్టర్ పద్ధతి. రెండో జాతి కార్లలో బటన్ సంగతి సెట్టుకు వోల్టేజి మెట్టుగా రాదు, సందేశంగా వస్తుంది. స్టీరింగ్‌లోని చిన్న మాడ్యూల్ ఏ బటన్ నొక్కారో చూసి, అంకెల రూపంలో ఒక తీగ మీద బాడీ కంట్రోల్ మాడ్యూల్ అనే కారు కంప్యూటరుకు పంపుతుంది. అక్కడి నుంచి ఆ సందేశం కేన్ బస్ అనే జంట తీగల మీద సెట్టుకు చేరుతుంది. కేన్ బస్‌ను బాష్ కంపెనీ 1986లో ప్రపంచానికి పరిచయం చేసింది. 1993లో అది ఐఎస్‌ఓ 11898 పేరిట అంతర్జాతీయ ప్రమాణమైంది. ఇంజిన్, బ్రేకు, మీటర్ల వంటి విడివిడి కంప్యూటర్లు ఒకే జత తీగల మీద వంతులవారీగా మాట్లాడుకోవడానికి వేసిన ఏర్పాటు అది. ఏ సందేశమూ లేనప్పుడు రెండు తీగలూ 2.5 వోల్టుల దగ్గర ఉంటాయి. సంకేతం పడినప్పుడు ఒకటి 3.5కు ఎక్కుతుంది, మరొకటి 1.5కు దిగుతుంది. రెండు కొసలలోనూ 120 ఓముల రెసిస్టర్లు ఉంటాయి గనుక, బ్యాటరీ తీసి రెండు తీగల మధ్య కొలిస్తే దాదాపు 60 ఓములు చూపిస్తుంది.

రెసిస్టర్ బటన్ల కోసం ఆండ్రాయిడ్ సెట్టు వెనక ఉండే కీ-1, కీ-2 తీగలు ఇలాంటి కారుకు ఎందుకూ పనికిరావు. ఏదో ఒక తీగకు తగిలించి చూద్దామని వాటిని కేన్ తీగలకు కలపడం మాత్రం చేయకూడని పని. సెట్టు వదిలే వోల్టేజి ఆ జంట తీగల సమతూకాన్ని చెడగొడితే పాడయ్యేది పాట కాదు. మీటరు బోర్డులో ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు పట్టేయకుండా చూసే ఏర్పాటు), పవర్ స్టీరింగ్ హెచ్చరిక దీపాలు వరసగా వెలగవచ్చు. ఇక్కడ కావలసింది షాపులవాళ్లు కేన్‌బస్ బాక్సు అనే డీకోడరు. అది కారు సందేశాలను విని, సెట్టుకు అర్థమయ్యే వేరే సందేశాలుగా మార్చి అందిస్తుంది. ఆ బాక్సు ఆ కారుకు, ఆ మోడల్‌కు, ఒక్కోసారి ఆ వేరియంటుకు సరిపోయినదై ఉండాలి. ఆపైన సెట్టు ఫ్యాక్టరీ సెట్టింగులలో బాక్సు తయారీదారును, కారు పేరును సరిగ్గా ఎంచుకోవాలి. బాక్సు కొని, తీగలన్నీ సరిగా కలిపి, ఈ చివరి ఎంపిక చేయకపోవడం వల్ల బాక్సు పాడైందని తిప్పి పంపినవారున్నారు.

ఈ కార్లలో ఇంకో తిరకాసు ఉంది. తాళం తిప్పినప్పుడు సెట్టును వెలిగించే 12 వోల్టుల ఏసీసీ తీగ పాత కప్లర్‌లో చాలాసార్లు ఉండదు, ఎందుకంటే పాత సెట్టుకు వెలగమని చెప్పేది కూడా కేన్ సందేశమే. కేన్‌బస్ బాక్సు ఆ ఏసీసీని తయారు చేసి ఇస్తుంది. బాక్సు లేకుండా పని కానిచ్చేవారు మాత్రం ఏసీసీ కోసం ఉన్న కొత్త సెట్టు ఎర్ర తీగను కూడా నిత్యం కరెంటు అందుకునే పసుపు తీగతో కలిపి, ఎప్పుడూ కరెంటు ఉండే చోటికి తగిలిస్తారు. సెట్టు వెలుగుతుంది గనుక పని అయిపోయినట్టే అనిపిస్తుంది. తెర ఆర్పినా అలాంటి సెట్టు లోపల పావు ఆంపియరు లాగుతూ ఉంటే రోజుకు 6 ఆంపియర్ అవర్లు పోతాయి. చిన్న కార్లలో ఉండే 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ వారం తిరగకముందే ఖాళీ అవుతుంది. స్టార్టర్ అంతకు ముందే చేతులెత్తేస్తుంది. ఉద్యోగం హైదరాబాదులో, కారు సొంతూరి ఇంటిముందు ఉండే కుటుంబాలు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తక్కువేమీ కావు. సంక్రాంతికి వచ్చి తాళం తిప్పితే టకటకమనే చప్పుడు తప్ప ఇంకేమీ రాని కార్లలో కొన్నింటి కథ ఇదే.

కొనడానికి ముందు పది నిమిషాలు

కారు ఈ రెండింటిలో ఏ జాతిదో తేల్చడానికి వోల్టులు, ఓములు కొలిచే మల్టీమీటరు, పది నిమిషాల ఓపిక చాలు. కారు ఆపి, తాళంచెవి బయటికి తీసి, పాత సెట్టును బయటికి లాగి, దాని కప్లర్ ఊడదీయాలి. మీటరును ఓముల కొలతలో పెట్టి, బటన్ల ఎర్తుగా భావించిన పిన్నుకు, సంకేతం పిన్నుగా భావించినదానికి ముళ్లు ఆనించి, పక్కన ఇంకొకరిని ఒక్కొక్క బటన్ నొక్కమనాలి. ప్రతి నొక్కుకూ అంకె మారి, వదలగానే యథాస్థితికి వస్తే అది రెసిస్టర్ పద్ధతి. ఆ అంకెలను చీటీ మీద రాసిపెట్టుకుంటే తర్వాత వచ్చే తగాదాలన్నిటికీ అదే సాక్ష్యం. ఏ జత పిన్నుల మధ్యా మార్పు రాకపోతే సందేశాల పద్ధతి అని అనుమానించాలి. కింది వేరియంటు కార్లలో స్టీరింగ్ మీద బటన్లే ఉండవు. వాటిలో తీగలు కప్లర్ దాకా వచ్చి ఉండవచ్చు, రాకపోవచ్చు. ఈ పరీక్ష ఎయిర్‌బ్యాగుకు సంబంధించిన ఏ తీగ మీదా, ముఖ్యంగా పసుపు రంగు కప్లర్ల మీద, చేయరాదు. మీటరు పంపే కొద్దిపాటి కరెంటు కూడా ఆ సర్క్యూట్‌లో చొరబడనివ్వకపోవడమే క్షేమం.

పరీక్ష ఫలితాన్ని బట్టి సెట్టు ఎంపిక మారుతుంది. ఆండ్రాయిడ్ సెట్లలో చాలావాటికి రెసిస్టర్ బటన్లను నేరుగా నేర్చుకునే సౌకర్యం ఉంది. పయొనీర్, సోనీ, ఆల్పైన్ వంటి బ్రాండెడ్ సెట్లలో వైర్డు రిమోట్ కోసం వెనక ఒక 3.5 మిల్లీమీటర్ల జాక్ ఉంటుంది. కెన్‌వుడ్, జేవీసీ సెట్లలో దాని బదులు ఒక తీగ ఉంటుంది. ఒక బ్రాండు ఆశించే సంకేతం ఇంకో బ్రాండుకు పనికిరాదు. పయొనీర్ సెట్టు తనకు తెలిసిన రెసిస్టర్ విలువలనే గుర్తిస్తుంది, కెన్‌వుడ్ పల్సుల రూపంలో కోడును ఆశిస్తుంది. కాబట్టి వీటికి రెసిస్టర్ కారులో కూడా మధ్యన ఒక అడాప్టరు తప్పదు. దాని ఖరీదును సెట్టు ఖరీదులో కలిపి చూడకుండా, ఆన్‌లైన్‌లో సెట్టు మాత్రం తెప్పించి స్థానిక ఆటో ఎలక్ట్రీషియన్ ముందు పెట్టి, నువ్వే ఏదో ఒకటి చెయ్యి అనడం అతనికి చేసే అన్యాయమే. కంపెనీ వారంటీ ఇంకా నడుస్తున్న కారైతే, తీగ కోసిన తర్వాత ఎలక్ట్రికల్ ఫిర్యాదులను షోరూమ్ వాళ్లు తోసిపుచ్చే అవకాశం ఉందన్నది కూడా ఈ లెక్కలో చేరాలి.

చక్రం కింద చుట్టిన రిబ్బను

బటన్లు చక్రంతో పాటు తిరుగుతాయి, సెట్టు కదలదు. మధ్యన తీగ తెగకుండా ఉండేందుకు చక్రం వెనక గుండ్రని డబ్బాలో, గడియారం స్ప్రింగులా చుట్టిన పలచని రిబ్బను కేబుల్ ఉంటుంది. క్లాక్ స్ప్రింగ్ అని దానికి పేరు. హారను, బటన్లు, డ్రైవర్ ఎయిర్‌బ్యాగు మూడింటి సంకేతాలూ దాని గుండానే వెళతాయి. 2019 జులై 1 నుంచి తయారయ్యే కార్లలో డ్రైవర్ ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయింది గనుక ఇటీవలి ఏ కారులోనైనా ఈ డబ్బా ఉన్నట్టే లెక్క. బటన్లు ఒక దిక్కుకు తిప్పినప్పుడు పనిచేసి, ఇంకో దిక్కుకు తిప్పినప్పుడు ఆగితే, దానితో పాటు హారను కూడా అప్పుడప్పుడు మూగబోతే, నేరం సెట్టుది కాదు, ఈ రిబ్బనుది. సాలూరు దాటి ఒడిశా వైపు ఘాట్ రోడ్డు ఎక్కే కార్లలో చక్రం ఆ చివర నుంచి ఈ చివరకు ఎన్నిసార్లు తిరుగుతుందో ఆలోచిస్తే, పాత కారులో ఆ రిబ్బను అలసిపోవడంలో ఆశ్చర్యం లేదు.

కింది వేరియంటు కారుకు పై వేరియంటు బటన్లు తెచ్చి పెట్టించుకోవాలనే కోరిక సహజమే. అందుకోసం ఎయిర్‌బ్యాగు దించాలి, చాలాసార్లు క్లాక్ స్ప్రింగ్‌నూ మార్చాలి, ఎందుకంటే కింది వేరియంటు రిబ్బనులో బటన్లకు కావలసిన దారులు ఉండకపోవచ్చు. బ్యాటరీ తీగ తీసిన తర్వాత కూడా ఎయిర్‌బ్యాగు కంప్యూటరులోని కెపాసిటరులో కొంతసేపు విద్యుత్తు నిలిచి ఉంటుంది; కారు మాన్యువల్ చెప్పినంత సమయం ఆగకుండా దాని మీద చెయ్యి వేయకూడదు. క్లాక్ స్ప్రింగ్‌ను సరిగ్గా మధ్యస్థానంలో పెట్టకపోతే మొదటి పూర్తి మలుపులోనే రిబ్బను తెగి, ఎయిర్‌బ్యాగు దీపం వెలుగుతుంది. ఈ పని షాపు ముందు రోడ్డు పక్కన నిలబెట్టిన కారులో చేసేది కాదు. చక్రానికి బెల్టుతో కట్టే చిన్న వైర్‌లెస్ రిమోట్లు దీనికి బదులుగా అమ్ముతారు. నాణెం బ్యాటరీతో నడిచే ఆ రిమోటును చక్రం రిమ్ముకు, ఎయిర్‌బ్యాగు మూతకు దూరంగా కట్టినంతవరకు ఫరవాలేదు. మూత మీద అంటించితే మాత్రం, బ్యాగు విచ్చుకున్న రోజున అది నేరుగా ముఖం మీదికి వస్తుంది.

బటన్లతో పాటు పోయేవి

పాత సెట్టు తీసినప్పుడు బటన్లే కాక ఇంకొన్ని కూడా చప్పుడు లేకుండా జారిపోతాయి. కారు పైకప్పు మీది పొట్టి యాంటెన్నా మొదట్లో ఒక చిన్న బూస్టరు ఉంటుంది. దానికి 12 వోల్టులు ఇచ్చేది సెట్టు నీలం తీగ. అది కలపకపోతే నగరం నడిబొడ్డున రేడియో బాగానే పలుకుతుంది, విశాఖ ప్రసారం మాత్రం శ్రీకాకుళం వైపు వచ్చేకొద్దీ ఎలాగూ పలచబడేది మరీ ముందుగానే గరగరలో కలిసిపోతుంది. ఇక స్పీకరు తీగల్లో నల్ల చార ఉన్నది ఎర్తు కాదు. ఈ కాలపు సెట్లలో రెండు తీగలూ ఆంప్లిఫయరు నుంచే వస్తాయి. చారల తీగను బాడీకి తగిలిస్తే ఆంప్లిఫయరు చిప్పు కాలిపోవచ్చు. ఆ చిప్పు గురించి ఒక మాట: 14.4 వోల్టుల దగ్గర 4 ఓముల స్పీకరుకు స్వరం చెదరకుండా, మధ్యలో శక్తి నష్టమేమీ లేదనుకున్నా, ఇవ్వగలిగేది లెక్క ప్రకారం 26 వాట్లకు మించదు, పెట్టె మీద 4×60 (నాలుగు స్పీకర్లకు తలా 60 వాట్లు) అని ఎంత పెద్ద అక్షరాలతో ముద్రించినా సరే.

కాల్ బటన్ పనిచేసినా అవతలివారికి మాట వినబడకపోతే ప్రయోజనం లేదు. కొత్త సెట్టుతో వచ్చే చిన్న మైకును డ్యాష్‌బోర్డు లోపల వదిలేయకుండా, స్టీరింగ్ కాలమ్ మీద గానీ పక్క స్తంభం మీద గానీ, ఏసీ గాలి తగలనిచోట, కిటికీల పక్కన విచ్చుకునే కర్టెన్ ఎయిర్‌బ్యాగు ఉన్న కార్లలో దాని దారికి అడ్డం రాకుండా పెట్టాలి.

నేర్పించే తీరు

తీగలన్నీ కలిశాక ఆండ్రాయిడ్ సెట్టులోని స్టీరింగ్ యాప్ తెరిచి, తెర మీద ఒక పనిని ఎంచుకుని, చక్రం మీద దానికి తగిన బటన్‌ను కాసేపు నొక్కి పట్టుకుంటే సెట్టు ఆ వోల్టేజిని ఆ పనికి జత చేసుకుంటుంది. అన్నీ అయ్యాక సేవ్ చేయడం మరచిపోతే మళ్లీ మొదటికి. రెండు బటన్లను ఒకటిగా చూస్తోందంటే, కారు రెసిస్టర్లకు, సెట్టు లోపలి రెసిస్టరుకు పొంతన కుదరలేదని అర్థం. పై లెక్కలోనే 3,300, 4,700 ఓముల బటన్లు పెట్టి చూస్తే వోల్టేజీలు 3.84, 4.12. సెట్టు లోపలిది 1,000కి బదులు 220 అయితే అవి 4.69, 4.78 అయి దాదాపు అతుక్కుపోతాయి. కొన్ని సెట్లలో ఈ లోపలి విలువను సెట్టింగులలో మార్చుకునే వీలుంటుంది. దానిని మార్చి, మళ్లీ నేర్పించి చూడాలి.

నేర్పించేటప్పుడు కారు ఏ స్థితిలో ఉందన్నది కూడా లెక్కే. ఇంజిన్ ఆపి, పాట ఆపి, పగటి వెలుతురులో నేర్పిస్తే ఆ ప్రశాంతతలోని వోల్టేజీలే సెట్టుకు గుర్తుంటాయి. ఇంజిన్ నడుస్తూ, ఏసీ, హెడ్‌లైట్లు వేసి ఉన్నప్పుడు నేర్పించి, పాటను గట్టిగా పెట్టి ప్రతి బటన్‌నూ నాలుగైదు సార్లు నొక్కి, చక్రాన్ని ఎడమ చివరికీ కుడి చివరికీ తిప్పి మళ్లీ నొక్కి చూడాలి. షాపతను ఫ్రేమ్ క్లిప్పులు నొక్కేయకముందే ఇది జరగాలి. నొక్కేసిన తర్వాత తేడా వస్తే, ఊడదీయడంలో ప్లాస్టిక్ క్లిప్పు ఒకటి విరిగి, ఆ మూల ఎప్పటికీ కిర్రుమంటూ ఉంటుంది.

పాత సెట్టును ఎక్స్‌ఛేంజిలో ఐదారు వందలకు ఇచ్చేయడం చాలామంది చేసే పనే. ఆ సెట్టును, దాని ఫ్రేమ్‌ను, నాలుగు స్క్రూలను అట్టపెట్టెలో వేసి, బటన్ల ఓముల చీటీని కూడా అందులోనే పెట్టి అటకెక్కిస్తే, కారు అమ్మే రోజున కోయని కప్లర్లలోకి పాత సెట్టు తిరిగి దిగుతుంది, కొత్త సెట్టు యజమానితో పాటే తర్వాతి కారుకు వెళుతుంది.